డాలర్ ఊగితే మన దగ్గర పనెందుకు ఆగుతది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

2025 డిసెంబర్‌ల డాలర్ 90 రూపాయలు దాటినప్పటి నుంచి మనకొచ్చే ఉత్తరాలల్ల ఎక్కువ దీని మీదనే. చౌటుప్పల్ నుంచి, మిర్యాలగూడ నుంచి, పాలమూరు నుంచి అడిగే తీరు వేరే వేరే గాని అడిగేది ఒకటే, ఎక్కడనో డాలర్ కదిలితే మా షెడ్డుల, మా మగ్గం మీద పని ఎందుకు దెబ్బతింటున్నది అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్న. రూపాయి పెరుగుడు, పడుడు కంటే అది ఊగుడే చిన్న కంపెనీలను ఎక్కువ కుంగదీస్తదని నా నమ్మకం.

ప్రశ్న: అన్నా నమస్తే. చౌటుప్పల్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ (గోళీలల్ల పడే అసలు మందు) కంపెనీల ప్రొడక్షన్ షిఫ్ట్ ఇంచార్జ్‌గ చేస్తున్న. మా మాల్ సగానికి పైన ఎక్స్‌పోర్టే. డాలర్ పెరిగితే మాకు లాభం రావాలె గదా, మేనేజ్‌మెంట్ మాత్రం ఖర్చులు పెరిగినయి అని కొత్త సెంట్రిఫ్యూజ్ (మందును గిర్రున తిప్పి తడి తీసే మిషన్) ఆర్డర్ ఆపిండ్రు, ఓటీ (ఓవర్‌టైమ్) బంద్ పెట్టిండ్రు, ముడిసరుకు వేరే వెండర్ దగ్గర తెస్తున్నరు. బ్యాచ్ టైమ్ పెరిగింది, ఈల్డ్ (బ్యాచ్‌కు చేతికొచ్చే మాల్) పడిపోయింది. మళ్ళ మీరు సరిగ్గ పనిచేస్తలేరని మాకే మాటలు. ఇది న్యాయమేనా? – ఒక పాఠకుడు, చౌటుప్పల్

జవాబు: తమ్మీ, ముందుగాల ఒక చిన్న లెక్క చూద్దాం, నంబర్లు నేను అనుకున్నవే, మీ కంపెనీవి కావు. కిలో మందు 40 డాలర్లకు అమ్ముతరు, దాంట్ల పడే ఇంటర్మీడియట్ (సగం తయారైన ముడిసరుకు) బయటి దేశం నుంచి 24 డాలర్లకు తెస్తరు, జీతాలు కరెంటు ఆవిరి అన్ని కలిపి ఇక్కడి ఖర్చు 1,000 రూపాయలు. డాలర్ 83 ఉన్నప్పుడు అమ్మకం 3,320, ముడిసరుకు 1,992, ఖర్చు 1,000 పోతే మిగిలేది 328. డాలర్ 90 అయితే 3,600ల నుంచి 2,160, 1,000 తీసెయ్, మిగిలేది 440. ఇంతవరకు నువ్వన్నదే నిజం. కాని రూపాయి పడ్డ సంగతి అవతల కొనేటోనికి కూడ తెలుసు, మీకు కలిసొచ్చింది గదా రేటు తగ్గియ్ అని మెయిల్ పెడ్తడు. 40 కాస్త 38.50 అయిందనుకో, మిగిలేది 305. అంటే డాలర్ పెరిగినంక ముందుకంటె తక్కువ. అదే మాల్ మన దేశంల పాత రేటు 3,320కే అమ్మితే 160 మిగులుతది, సగానికి సగం పోయినట్టు.

ఇంకోటి ఉన్నది, దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. బ్యాంకు ఇచ్చే అప్పు లిమిట్ రూపాయలల్ల ఉంటది, డాలర్ పెరిగిందని అది పెరగదు. 10 కోట్ల లిమిట్‌తోని 83 రేటుకు 12 లక్షల డాలర్ల సరుకు వస్తది, 90 రేటుకు 11 లక్షల చిల్లర. దాదాపు 8 శాతం సరుకు తక్కువ. రియాక్టర్ అదే, మనుషులు వాళ్ళే, బాయిలర్ అట్లనే మండుతది, పోసే సరుకు మాత్రం తక్కువ. మనిషికి ఇంత ఉత్పత్తి అని లెక్క తీస్తే అది తగ్గకుండ ఎట్ల ఉంటది?

వెండర్ మార్పు సంగతి నువ్వే నాకంటె బాగ చెప్పగలవు. చవకగ దొరికిందని కొత్తోని దగ్గర ఇంటర్మీడియట్ తెస్తే దాంట్ల ఇంప్యూరిటీ తీరు వేరే ఉంటది, క్రిస్టల్ సరిగ్గ కట్టదు, సెంట్రిఫ్యూజ్ బ్యాగుల కేక్ తడి వదలది, డ్రయ్యర్‌ల పెట్టినంక ఎల్‌ఓడీ (మందుల మిగిలిన తడి శాతం) లిమిట్‌లకు రాక ఇంకో రెండు గంటలు, మళ్ళ శాంపిల్, మళ్ళ క్యూసీ (క్వాలిటీ పరీక్ష) రిపోర్ట్ కోసం చూసుడు, ఆ టైమ్ అంత రియాక్టర్ ఖాళీగ నిలబడుడే. కిలోకు డాలర్ మిగిలిందని పర్చేజ్ వాళ్ళు సంతోషపడ్తరు, పోయిన గంటలు ప్రొడక్షన్ వాళ్ళ ఖాతాల పడ్తయి. ఇది న్యాయం కాదు. నువ్వు చెయ్యాల్సింది ఒకటే, బ్యాచ్ రికార్డులు తీసి పాత వెండర్ లాట్లతోని ఎన్ని గంటలు, ఎంత ఈల్డ్, కొత్త లాట్లతోని ఎన్ని గంటలు, ఎంత ఈల్డ్ అని పక్కపక్కన ఒక కాగితం మీద రాసి ప్లాంట్ హెడ్‌కు ఇయ్యి. కోపం మాటలల్ల పెట్టకు, కాగితం మీద నంబర్లు ఉంటే చాలు. ఓటీ బంద్ పెట్టినందుకు చెయ్యి తిరిగిన ఆపరేటర్లు పక్క కంపెనీకి పోతే వచ్చే నష్టం కూడ అదే కాగితంల రాయి, ఎందుకంటే డాలర్ మళ్ళ దిగొచ్చినా వాళ్ళు తిరిగి రారు.

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడల రైస్ మిల్లు. బయటి దేశపు సార్టెక్స్ మిషన్ (బియ్యంల నల్ల గింజ ఏరేది) 60 వేల డాలర్లకు మాట్లాడుకున్నం. కొటేషన్ తీసుకున్నప్పుడు డాలర్ 84, పైసలు కట్టే టైమ్‌కు 90 అయింది. 3 లక్షల 60 వేలు ఎక్కువ పడ్డది, దాని మీద కస్టమ్స్ వేరే. ఇప్పుడు రెండో మిషన్ కావాలె, తెలిసినోళ్ళేమో ఆగు, డాలర్ దిగుతది అంటున్నరు. ఆగాల్నా? – ఒక మిల్లర్, మిర్యాలగూడ

జవాబు: దిగుతదో ఎక్కుతదో ఆ తెలిసినోళ్ళకు తెల్వది, నాకూ తెల్వది, ముంబైల స్క్రీన్ల ముందు కూసుండేటోళ్ళకు కూడ తెల్వది. 2013 చూడండి. మే నెలల 55 దగ్గర ఉన్న డాలర్ ఆగస్టు 28 నాటికి 68 దాటింది, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ బాండ్లు కొనుడు తగ్గిస్తమన్న ఒక్క మాటకు. అప్పుడు 75 అయితదని భయపడి ఆగస్టు చివర్ల కొన్నోళ్ళు ఉన్నరు, అక్టోబర్ కల్లా అది 61, 62కు వచ్చింది. అట్లనే 2022ల 80 దాటినప్పుడు మళ్ళ 75కు వస్తదని ఆగినోళ్ళు ఇంకా ఆగే ఉన్నరు. అందుకని రేటు మీద అంచనా కట్టుడు మిల్లర్ పని కాదు, వడ్ల తేమ చూసుడు, నూక శాతం తగ్గించుడు మీ పని, దాంట్ల మీకంటె తెలిసినోళ్ళు లేరు.

మరి ఏం చెయ్యాలె అంటే ఫార్వర్డ్ కాంట్రాక్ట్ అని ఒకటి ఉంటది. ఇన్నో తారీఖుకు ఇన్ని డాలర్లు ఇంత రేటుకు నాకు ఇయ్యాలె అని బ్యాంకుతోని ముందే రాసుకునుడు. మిషన్ ఆర్డర్ కాగితం, ప్రొఫార్మా ఇన్వాయిస్ (అమ్మేటోడు ముందుగ ఇచ్చే బిల్లు) బ్యాంకు అడగొచ్చు, కొంత మార్జిన్ కూడ అడగొచ్చు. ఇయ్యాల్టి రేటు మీద కొంచెం ప్రీమియం పడ్తది, అది మన వడ్డీకి అమెరికా వడ్డీకి ఉన్న తేడాను బట్టి వస్తది. ఏడాదికి 2 శాతం అనుకుంటే 84 రేటు మీద ఆర్నెల్లకు 84 పైసలు, 60 వేల డాలర్లకు 50,400 రూపాయలు. మీరు కట్టింది 3,60,000. తేడా చూసుకోండి. రేపు డాలర్ దిగితే ఆ 50 వేలు దండుగనే గదా అని మీరు అడుగుతరు, దిగినా సరే అది దండుగ కాదు అంటున్న నేను, ఎందుకంటే రేటు కట్టేసుకున్న రోజు నుంచి మిషన్ ఖర్చు ఇంత అని తెలిసిపోతది, పునాది పోసుకోవచ్చు, ఎలివేటర్ మార్చుకోవచ్చు, ఎక్స్‌పోర్టర్‌కు ఈ నెల నుంచి ఈ క్వాలిటీ ఇస్త అని మాట ఇయ్యొచ్చు.

మన దిక్కు బ్రాంచిలల్ల ఫార్వర్డ్ అంటే చాలా మందికి తెల్వది, ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) చూసే బ్రాంచ్ హైదరాబాద్‌ల ఉంటది, దాని నంబర్ మేనేజర్ దగ్గర తీసుకొని నేరుగ మాట్లాడండి. బ్యాంకు ఎంత మార్జిన్ వేసుకుంటున్నదో కూడ అడగండి, అడగనోళ్ళకు ఎక్కువ వేస్తరు. చిన్న కస్టమర్లు మార్కెట్ రేటును చూసి డాలర్లు కొనుక్కునేటట్టు క్లియరింగ్ కార్పొరేషన్ 2019ల ఎఫ్ఎక్స్ రిటైల్ అనే ప్లాట్‌ఫామ్ తెచ్చింది, మీ బ్యాంకు ద్వారా దాంట్ల రిజిస్టర్ కావొచ్చు. మన మిల్లర్లు దాన్ని వాడుతలేరు, వాడాలె.

ఇంకొక మాట, మిషన్ జపాన్‌దైతే కొటేషన్ డాలర్లల్ల ఉన్నదా యెన్‌లల్ల ఉన్నదా చూడండి. 2020ల 100 యెన్‌లకు 70 రూపాయల దాకా పెట్టాల్సి వచ్చేది, 2024 జులై మొదట్ల అది 52 చుట్టుపక్కలకు దిగింది, అదే టైమ్‌ల డాలర్ 75 నుంచి 83 దాటింది. డాలర్ పెరిగిందని చూసి భయపడి ఆగిన మనిషి యెన్‌ల అడిగి ఉంటే చవకగ తెచ్చుకునేటోడు.

ఆగుడుకు కూడ ఒక రేటు ఉన్నది, అది బ్యాంకు స్టేట్‌మెంట్ల కనపడదు. పాత మిషన్ నల్ల గింజ సరిగ్గ తియ్యక రోజుకు ఎన్ని బస్తాలు రెండోసారి పోస్తున్నరో రాసుకోండి, ఆ కరెంటు, ఆ హమాలీ, ఇంకో తిప్పుల పడే నూక, అన్ని కలిపి ఆర్నెల్లకు ఎంతైతదో చూసి అప్పుడు డాలర్ తేడాతోని పోల్చండి. ఒక్క జాగ్రత్త, ఎక్స్‌పోర్ట్ మీద ఆశతోనే మిషన్ పెడ్తున్నరంటే 2023 జులై 20న తెల్ల బియ్యం ఎగుమతి ఒక్కరోజుల బంద్ అయిన సంగతి మర్చిపోవద్దు, ఏడాదికి పైన ఆగింది. డాలర్ ఎంతున్నా అప్పుడు ఏం ఫాయిదా లేకపాయె. లోకల్ అమ్మకం మీద కూడ కిస్తీ కట్టగలరా లేదా అని చూసుకొని ముందుకు పోండి.

ప్రశ్న: డాలర్ పెరిగితే మా పత్తికి రేటు పెరగాలె గదా, ఎందుకు పెరుగుత లేదు? – ఒక రైతు, మునుగోడు దిక్కు

జవాబు: పెరగాలె, కొంత పెరుగుతది కూడ, ఎందుకంటే బయటి పత్తి రూపాయలల్ల పిరం అయితది. కాని 2025 ఆగస్టుల కేంద్రం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం తీసేసింది, డిసెంబర్ చివరి దాకా పొడిగించింది, డాలర్‌తోని వచ్చే లాభం అట్ల పోయింది పెద్దాయనా. మీకు ఆధారం మద్దతు ధరనే, 2025-26ల పొడుగు పింజకు క్వింటాలుకు 8,110. తేమ 8 శాతం లోపల ఉండేటట్టు ఆరబెట్టి సీసీఐకి (కేంద్రం పత్తి కొనుగోలు సంస్థ) తీస్కపోండి, 8 దాటితే రేటు కోస్తరు, 12 దాటితే కొనరు.

ప్రశ్న: అన్నా, మాది పోచంపల్లి. పట్టు నూలు రేటుకు నిలకడ లేదు. నూలు పెరిగిన వారం మా షావుకారి నూలు ఇయ్యడు, తగ్గుతదేమో చూద్దాం అంటడు, మగ్గం ఖాళీ. పట్టు వచ్చేది చైనా నుంచి అంటరు, మరి అమెరికా డాలర్‌తోని మాకేం సంబంధం? – ఒక చేనేత కార్మికురాలు

జవాబు: అక్కా, చైనా వాడు కూడ మనకు డాలర్లల్లనే అమ్ముతడు. ఆర్థికవేత్త గీతా గోపీనాథ్ దీని మీద చాలా ఏండ్లు పనిచేసింది, ఆమె లెక్క ప్రకారం మన దేశం దిగుమతులల్ల అమెరికా నుంచి వచ్చేవి 5 శాతమే, కాని బిల్లులు డాలర్లల్ల రాసేవి 86 శాతం. అందుకని చైనాల పట్టు రేటు పైసా కూడ మారకపోయినా, రూపాయి పడితే పోచంపల్లిల నూలు పెరుగుతది. దాని మీద దిగుమతి సుంకం శాతం లెక్కన ఉంటది కాబట్టి రూపాయలల్ల ధర పెరిగితే సుంకం కూడ పెరుగుతది. బయటి నూలు పిరం అయితే కర్ణాటక నూలు అమ్మేటోళ్ళు కూడ రేటు పెంచుతరు.

మీ బాధ నాకు అర్థమైంది, షావుకారికి నూలు నిల్వ పెట్టుకునుడు రిస్కు, ఆ రిస్కు మీ మగ్గం మీద పెడ్తున్నడు. ఆసు పోసి (నూలును మేకుల చుట్టు తిప్పి), చిటికి కట్టి, అద్దకం వేసి, వార్పు (పడుగు) ఎక్కించినంక మధ్యల పేక నూలు లేక ఆగితే ముందు చేసిన పని అంత ఇరుక్కుంటది, ఆ రోజులకు కూలి ఎవరియ్యరు. చేనేతల ఉత్పాదకత తక్కువ అని పెద్ద పెద్దోళ్ళు మాట్లాడుతరు, మగ్గం ఖాళీగ ఉన్న దినాలు తీసేసి లెక్క పెట్టినోళ్ళను నేను చూడలే. మన ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ భుజాల నొప్పి చూసి ఆసు మిషన్ చేసిండు, నాలుగైదు గంటల పనిని గంటన్నర, రెండు గంటలకు తెచ్చిండు, 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. అంత టైమ్ మిగిలించిన మిషన్ ఇంట్ల ఉన్నా నూలే రాకపోతే అది ఏం జేస్తది?

కేంద్రం చేనేత సంస్థ ఎన్‌హెచ్‌డీసీ ద్వారా దేశీ పట్టు నూలు మీద 15 శాతం రాయితీ ఇచ్చే స్కీమ్ ఉన్నది, సొసైటీ ద్వారా గాని వీవర్ కార్డు మీద గాని అడగండి. షావుకారితోని మాట్లాడేటప్పుడు ఒక్క చీరకు కాకుండ వార్పు మొత్తానికి వార్పు నూలు, పేక నూలు కలిపి ముందే ఇయ్యాలె అని గట్టిగ పట్టుబట్టండి. నలుగురైదుగురు కలిసి అడిగితే ఇస్తడు, ఒక్కరే అడిగితే ఇంకొకరిని చూసుకుంటడు.

ప్రశ్న: సార్, పాలమూరు యూనివర్సిటీల ఎంఏ ఎకనామిక్స్ చేస్తున్న. రూపాయి పడితే ఎగుమతులు పెరిగి కంపెనీల ఉత్పాదకత పెరుగుతది అని ఒక పుస్తకంల ఉన్నది, తగ్గుతది అని ఇంకో దాంట్ల ఉన్నది. ఏది కరెక్ట్? – ఒక విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: చెల్లె, రెండూ కరెక్టే, ఏ దేశం, ఏ కంపెనీ అన్నది చూడాలె. ఆర్థికవేత్త లారా అల్ఫారో, మరి కొందరు కలిసి చాలా దేశాల కంపెనీల లెక్కలు చూసిండ్రు. ఎగుమతులు ఎక్కువ, దిగుమతి ముడిసరుకు తక్కువ ఉన్న ఆసియా దేశాలల్ల కరెన్సీ చవకైతే కంపెనీలు పరిశోధన మీద ఖర్చు పెంచినయి, ఉత్పాదకత పెరిగింది. లాటిన్ అమెరికా, తూర్పు యూరప్‌ల దిగుమతి మీద ఆధారపడ్డ కంపెనీలకు ఆ లాభం రాలే. మన దగ్గర రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నయి.

ఊగుడు సంగతి వేరే. 2025ల నోబెల్ తీసుకున్నోళ్ళల్ల ఒకరైన ఫిలిప్ అగియోన్, కెన్నెత్ రోగోఫ్ వాళ్ళు 2009ల ఒక పేపర్ అచ్చేసిండ్రు, 83 దేశాలు, 1960 నుంచి 2000 దాకా లెక్కలు. బ్యాంకులు, అప్పు సౌకర్యం బలంగ లేని దేశాలల్ల కరెన్సీ ఎంత ఊగితే ఉత్పాదకత పెరుగుడు అంత మందగించింది, అవి బలంగ ఉన్న దేశాలల్ల ఆ దెబ్బ పెద్దగ కనపడలే. కారణం సూటిగ ఉంటది, రేటు ఊగి ఒక ఏడాది లాభం పోతే చేతిల పైసలు లేని కంపెనీకి అప్పు పుట్టదు, అప్పుడు మొట్టమొదట ఆపేది కొత్త మిషన్, కొత్త ప్రయోగం, ట్రైనింగ్. పైన చౌటుప్పల్ తమ్ముని ఉత్తరం మళ్ళ ఒకసారి చదువు, ఆ పేపర్ల చెప్పిందే ఆయన సెంట్రిఫ్యూజ్‌కు జరిగింది.

డాలర్ అప్పుల సంగతి చదవాలంటే థాయ్‌లాండ్ చూడు. 1997 జులై 2న వాళ్ళ కరెన్సీ బాత్ రేటును డాలర్‌కు కట్టేసి ఉంచుడు వదిలేసిండ్రు, డాలర్‌కు 25 ఉన్నది ఆర్నెల్లల్ల 50 దాటింది, డాలర్లల్ల అప్పు తెచ్చి బాత్‌లల్ల సంపాదించే కంపెనీల అప్పు రెండింతలైంది, మంచిగ నడిచే ఫ్యాక్టరీలు కూడ మూతబడ్డయి. మన 1991 కథ ఇంకో తీరు. జులై 1న, 3న రెండు సార్లు రూపాయి విలువ తగ్గించిండ్రు, ఆ తర్వాత దిగుమతి సుంకాలు కూడ తగ్గుకుంట వచ్చినయి. ఆర్థికవేత్తలు పినెలోపి గోల్డ్‌బర్గ్, అమిత్ ఖండేల్వాల్ వాళ్ళు చూస్తే అప్పట్ల మన కంపెనీలు కొత్తగ తెచ్చిన సరుకులల్ల సుమారు 31 శాతానికి ఈ ముడిసరుకు సుంకాలు తగ్గుడే కారణం అని తేలింది. బయటి నుంచి మంచి ముడిసరుకు, మిషన్లు అందుబాట్లకు వస్తే మనోళ్ళు కొత్తవి చేస్తరు, అవి అందకపోతే ఉన్నదాంతోనే నెట్టుకొస్తరు.

ప్రాజెక్ట్ రాస్తే ఒక జాగ్రత్త తీసుకో. ఎక్స్‌పోర్ట్ కంపెనీకి ఒక్కో ఉద్యోగికి ఇంత అమ్మకం అని రూపాయలల్ల లెక్క తీస్తే డాలర్ పెరిగిన ఏడు ఆ నంబర్ తనంత తానే పెరుగుతది, ఒక్క కిలో ఎక్కువ చెయ్యకున్నా సరే. కిలోలల్ల, మీటర్లల్ల, గంటలల్ల తియ్యి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ మీకు పక్కనే ఉన్నది, అక్కడ పనిచేసేటోళ్ళను అడుగు, బ్యాలెన్స్ షీట్‌ల దొరకనివి వాళ్ళ దగ్గర దొరుకుతయి.

ప్రశ్న: సార్, కొత్తూరుల మాది చిన్న ప్లాస్టిక్ డబ్బాల యూనిట్. మేము ఇంపోర్ట్ చెయ్యం, ఎక్స్‌పోర్ట్ చెయ్యం, అయినా డాలర్ పెరిగినప్పుడల్ల గ్రాన్యూల్స్ (ప్లాస్టిక్ ముడి గుళికలు) రేటు పెరుగుతది. పెద్ద కంపెనీకి సప్లై చేస్తం, వాళ్ళు ఏడాది రేటు ఫిక్స్ చేసిండ్రు. నష్టం అయినప్పుడు మౌల్డు రిపేర్ వాయిదా వేస్తున్నం. ఏమన్న దారి ఉన్నదా? – ఒక మహిళా పారిశ్రామికవేత్త

జవాబు: ఉన్నది అమ్మా, కాని ముందుగాల మౌల్డు బాగు చేపియ్యండి. మౌల్డు అరిగితే అంచుకు ఫ్లాష్ (బయటికొచ్చే పల్చటి ప్లాస్టిక్) వస్తది, దాన్ని బ్లేడుతోని కోసుడుకు ఇద్దరు మనుషులు కావాలె, సైకిల్ టైమ్ పెరుగుతది, రిజెక్షన్ పెరుగుతది, డాలర్ దిగినా ఆ నష్టం దిగదు. మన దేశంల తయారైన గ్రాన్యూల్స్ కూడ దిగుమతి రేటుకు సమానంగ పెడ్తరు కాబట్టి డాలర్ దెబ్బ మీ దాకా రాకుండ ఆగది.

మీరు బ్యాంకుల ఫార్వర్డ్ తీసుకోలేరు, మీ దగ్గర డాలర్ బిల్లు లేదు. మీ దారి కాంట్రాక్ట్‌ల ఉన్నది. వచ్చే రెన్యువల్‌ల డబ్బా రేటును రెండు ముక్కలు చెయ్యండి, గ్రాన్యూల్స్ ముక్క వేరే, కన్వర్షన్ చార్జి (డబ్బా చేసినందుకు మీ కూలి) వేరే. కన్వర్షన్ ఏడాది ఫిక్స్, దాంట్ల మీరు ఎంత బాగ పనిచేస్తే అంత మీకు మిగులుతది. గ్రాన్యూల్స్ మాత్రం వాటిని తయారు చేసే కంపెనీ ప్రకటించిన ధర 3 శాతం కంటే ఎక్కువ పెరిగితే వచ్చే నెల నుంచి పెంచాలె, తగ్గితే తగ్గించాలె అని రాయించండి. తగ్గితే తగ్గిస్తమని మీరే ముందు అనండి, పర్చేజ్ మేనేజర్ వాళ్ళ బాస్ దగ్గర ఆ మాట చూపెట్టుకోవచ్చు. అది కూడ ఒప్పుకోకపోతే మూడు నెలలకొకసారి రేటు చూసుకుందాం అని అడగండి, దానికి చాలా మంది ఒప్పుకుంటరు.